పాస్‌వర్డ్ ఒకచోట, సెట్టింగులు మరోచోట: డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఏది ఎక్కడ దాచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాశారు. అది రోజూ కొన్ని ఫైళ్లను సర్వర్‌కు ఎక్కించి, పని పూర్తయిందని మెయిల్ పంపుతుంది. సర్వర్ పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్, మిగతా సెట్టింగులు అన్నీ ప్రోగ్రామ్ పక్కనే ఒక ఐఎన్ఐ ఫైల్లో (సెట్టింగులు రాసుకునే టెక్స్ట్ ఫైలు) పెట్టారు. పాస్‌వర్డ్‌లను మాత్రం ఏఈఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే కీ లేకుండా చదవలేని రూపానికి మార్చారు. ఆ కీ మీ కోడ్‌లోనే ఉంది. ఇది సరిపోతుందా, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీకి మార్చాలా, లేక సొంతంగా ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాబేస్ ఒకటి పెట్టుకోవాలా అని అడిగారు. ముందుముందు మ్యాక్, లినక్స్ వెర్షన్లు కూడా తెస్తారట.

ఆ మూడింటిలో ఏదీ వద్దు. సెట్టింగులను ఆ యూజర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ కేటాయించిన ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంచండి. పాస్‌వర్డ్‌లను ఆపరేటింగ్ సిస్టమ్ ఖజానాకే అప్పగించండి: విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాక్‌లో కీచెయిన్, లినక్స్‌లో సీక్రెట్ సర్వీస్. సెట్టింగుల ఫైల్లో పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలో కూడా ఉండకూడదు. ఆ ఖజానాలో ఏ పేరుతో వెతకాలో చెప్పే ఒక గుర్తు మాత్రం ఉంటే చాలు.

నేను పెట్టుకునే పరీక్ష ఒకటుంది. ఏదో సమస్య వచ్చి ఒక యూజర్ మీకు రాశాడనుకోండి. "మీ సెట్టింగుల ఫైలు మెయిల్‌లో పంపండి" అని మీరు ఏమాత్రం సంకోచించకుండా అడగగలగాలి, అతను ఏమాత్రం భయపడకుండా పంపగలగాలి. అలా అడగలేని పరిస్థితి ఉంటే మీ అమరిక తప్పు. కింద రాసేదంతా దాదాపు ఈ ఒక్క పరీక్ష నుంచి పుట్టుకొచ్చేదే.

ముందు కోడ్‌లోని కీ సంగతి తేల్చేద్దాం. తలుపుకు తాళం వేసి, తాళంచెవిని ఆ గొళ్లేనికే వేలాడదీసినట్టు ఉంటుందది. డాట్‌నెట్ ప్రోగ్రామ్‌లను విప్పి చూపించే ఉచిత సాధనాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఐఎల్‌స్పై లాంటి దానిలో మీ ప్రోగ్రామ్‌ను తెరిస్తే ఫంక్షన్ల పేర్లతో సహా కోడ్ దాదాపు మీరు రాసినట్టే కనబడుతుంది. కీని నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల దాచినా లాభం లేదు. డీక్రిప్ట్ చేసే ఫంక్షన్ ముగిసే చోట ప్రోగ్రామ్‌ను డీబగ్గర్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏముందో చూపించే సాధనం) ఆపితే పాస్‌వర్డ్ అక్కడ చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. పైగా ఆ కీ మీ యూజర్లందరికీ ఒక్కటే. ఎవరో ఒకరు దాన్ని బయటపెట్టిన రోజున అందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి.

పేరున్న ప్రోగ్రామ్‌లు కూడా ఈ ఇరుకులో పడ్డాయి. పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌లను ఒక ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్లో ఉన్నదున్నట్టు రాసేది. దాన్ని రాసినవాళ్లు అందుకు కారణం కూడా బాహాటంగా చెప్పారు: కీ పక్కనే ఉన్నప్పుడు గజిబిజి చేసి రాయడం వల్ల రక్షణ రాదు, రక్షణ ఉందన్న భ్రమ వస్తుంది. ఫైళ్లను సర్వర్‌కు ఎక్కించే ఫైల్‌జిల్లా మీద కూడా ఇదే విషయంలో ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాక, 2017లో మాస్టర్ పాస్‌వర్డ్ (దాచినవాటన్నిటికీ తాళంగా యూజర్ గుర్తుపెట్టుకునే ఒకే పాస్‌వర్డ్) పెట్టుకునే వీలు వచ్చింది. పిడ్జిన్ వాళ్ల వాదనలో మొదటి సగాన్ని నేను ఒప్పుకుంటాను. రెండో సగాన్ని, అంటే "కాబట్టి ఉన్నదున్నట్టు రాసేద్దాం" అన్నదాన్ని ఒప్పుకోను. అప్పగించడానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లో చోటు ఉన్నప్పుడు గజిబిజికీ, పచ్చి అక్షరాలకీ మధ్య ఎంచుకోవలసిన అవసరమే లేదు.

ఎవరి నుంచి కాపాడుతున్నారు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఏ పద్ధతి మంచిదో తేల్చలేం. మొదటివాడు, అదే కంప్యూటర్‌ను తన సొంత ఖాతాతో వాడుకునే మరొక మనిషి. రెండోవాడు, ల్యాప్‌టాప్‌నో హార్డ్ డిస్క్‌నో ఎత్తుకుపోయినవాడు. మూడోది మనిషి కాదు, ప్రమాదం. సెట్టింగుల ఫోల్డర్ బ్యాకప్‌లోకో, క్లౌడ్ ఫోల్డర్‌లోకో, గిట్ రిపాజిటరీలోకో (కోడ్ మార్పులను భద్రపరిచే చోటు) చేరిపోవడం. నా అనుభవంలో పాస్‌వర్డ్‌లు బయటపడేది ఎక్కువగా ఈ దారిలోనే. నాలుగోది, ఆ యూజర్ ఖాతాలోనే నడుస్తున్న దొంగ ప్రోగ్రామ్.

ఆపరేటింగ్ సిస్టమ్ ఖజానా మొదటి మూడింటినీ చక్కగా ఆపుతుంది. నాలుగోదాన్ని సాధారణంగా ఆపదు. ఈ మాట మీ యూజర్లకు కూడా దాచకుండా చెప్పండి. విండోస్‌లో ఒక యూజర్ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా అదే యూజర్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకున్న సాధారణ పాస్‌వర్డ్‌లను అడిగి తీసుకోగలదు. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ ఖజానా అయిన గ్నోమ్ కీరింగ్ ఒకసారి తెరుచుకున్నాక ఆ సెషన్‌లోని మిగతా ప్రోగ్రామ్‌లకూ అందుబాటులో ఉంటుంది. మ్యాక్ కొంత మెరుగు: ఏ ప్రోగ్రామ్ దాచిందో దాని కోడ్ సంతకాన్ని (రాసినవాళ్లు ప్రోగ్రామ్ మీద వేసే డిజిటల్ ముద్ర) బట్టి గుర్తుపెట్టుకుని, వేరే ప్రోగ్రామ్ అడిగితే యూజర్ అనుమతి కోరుతుంది.

గూగుల్ క్రోమ్ లాంటి పెద్ద ప్రోగ్రామ్‌కే ఈ నాలుగోవాడితో పోరు తప్పలేదు. విండోస్‌లో క్రోమ్ ఏళ్లపాటు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే రక్షణ మీదే ఆధారపడింది. కుకీలు కొల్లగొట్టే దొంగ ప్రోగ్రామ్‌లు పెరిగాక 2024లో, 127వ వెర్షన్‌తో, అడుగుతున్నది క్రోమేనా కాదా అని సరిచూసే ఒక ప్రత్యేక సర్వీసును మధ్యలో పెట్టింది. అదీ ముందు కుకీలతో మొదలుపెట్టింది. అంతటి బలగం ఉన్న జట్టు అన్నేళ్లకు చేసిన పనిని మనం సొంత ఏఈఎస్‌తో ఒక సాయంత్రంలో చేసేయగలమని అనుకోవడం అత్యాశ.

ఇక్కడే ఇంకొక తేడా చూసుకోవాలి, చాలామంది చూసుకోరు. దాచే పాస్‌వర్డ్ ఎవరిది? అది యూజర్‌దే అయితే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. అది మీది అయితే, అంటే మీ కంపెనీ డేటాబేస్‌కు అందరికీ కలిపి ఉన్న ఒకే పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌తో పాటు పంచుతుంటే, దాన్ని యూజర్ కంప్యూటర్‌లో దాచే మార్గం ఈ భూమ్మీద లేదు. ఎందుకంటే అప్పుడు మీరు దాస్తున్నది ఆ కంప్యూటర్ సొంతదారు నుంచే. ఒక సంస్థ ఇలాంటి ప్రోగ్రామ్‌ను నాకు పరిశీలించమని ఇచ్చింది. పాస్‌వర్డ్‌ను మూడు పొరల్లో ఎన్‌క్రిప్ట్ చేశారు. నేను ఆ పొరల జోలికే వెళ్లలేదు. సర్వర్ చిరునామాను నా సొంత కంప్యూటర్‌కు మార్చి, ప్రోగ్రామ్‌ను నడిపి, అది లాగిన్ అవడానికి పంపిన అక్షరాలు చదివాను. కనెక్షన్‌కు టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఎన్‌క్రిప్షన్) లేదు, సర్వర్ చిరునామా ఐఎన్ఐ ఫైల్లోనే ఉంది. అలాంటి చోట మందు ఒకటే: మధ్యలో మీ సర్వర్ ఒకటి ఉండాలి, ప్రతి యూజర్ తన సొంత ఖాతాతో దానికి లాగిన్ కావాలి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఆ సర్వర్ దాటి బయటికి రాకూడదు.

అసలు పాస్‌వర్డ్ దాచాలా? దాచకుండా పని జరిగితే అంతకన్నా మేలు లేదు. మీ మెయిల్ భాగం చూడండి. పెద్ద మెయిల్ సేవలు నేరుగా పాస్‌వర్డ్ తీసుకోవడం మానేస్తూ వచ్చాయి. జీమెయిల్ 2022లో మామూలు ఖాతాలకు ఆ పాత పద్ధతిని ఆపేసింది, మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది అక్టోబరు నుంచి ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో పాత లాగిన్ పద్ధతిని మూసివేయడం మొదలుపెట్టింది. వాటి బదులు ఓఆత్ వాడాలి. యూజర్ తన బ్రౌజర్‌లో లాగిన్ అవుతాడు, మీ ప్రోగ్రామ్‌కు ఒక టోకెన్ వస్తుంది, పాస్‌వర్డ్ మీ చేతికే రాదు. టోకెన్ పోయినా యూజర్ దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆ టోకెన్‌తో జరిగే పనులకు హద్దు ఉంటుంది, మిగతా చోట్ల అదే పాస్‌వర్డ్ వాడి ఉంటే వాటికి ముప్పు రాదు. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లలో ఓఆత్ ఎలా వాడాలో 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8252 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం వివరిస్తుంది. అందరికీ పంచిన ప్రోగ్రామ్‌లో పెట్టిన రహస్యం రహస్యం కాదని అది కూడా స్పష్టంగానే చెబుతుంది.

సర్వర్‌కు ఫైళ్లు ఎక్కించేది ఎస్ఎఫ్‌టీపీ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) ద్వారా అయితే పాస్‌వర్డ్ బదులు ఎస్ఎస్‌హెచ్ కీ (లాగిన్‌కు వాడే కీ ఫైలు) వాడి, దాన్ని చూసుకునే పని ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు వదిలేయవచ్చు. సర్వర్లకు లాగిన్ అవడానికి వాడే పుట్టీ ప్రోగ్రామ్ చూడండి: సెషన్ వివరాలన్నీ రిజిస్ట్రీలో దాస్తుంది, పాస్‌వర్డ్‌ను మాత్రం దాచుకోవడానికి చోటే ఇవ్వదు. కీ వాడుకోండి అంటుంది. మొండితనంలా కనిపించినా అది తెలిసి తీసుకున్న నిర్ణయమే.

కాసేపటి పనికైతే జ్ఞాపకంలో ఉంచుకోవడమూ ఒక దారే. గిట్‌లో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే సహాయకుల్లో క్యాష్ అనేది 900 సెకన్లు, అంటే పావుగంట, మెమరీలో ఉంచి వదిలేస్తుంది. స్టోర్ అనేది హోమ్ ఫోల్డర్‌లో పచ్చి అక్షరాలతో రాసిపెడుతుంది. పేరులో పెద్ద తేడా కనబడదు, ఫలితంలో మాత్రం చాలా ఉంది.

ఇక విండోస్ లోపలికి వెళదాం, మీరు మొదలుపెట్టేది అక్కడే కాబట్టి. మీకు రెండు తలుపులు ఉన్నాయి. ఒకటి క్రెడెన్షియల్ మేనేజర్. పేరు, యూజర్ ఐడీ, రహస్యం ఇస్తే అదే దాచుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ ఆ పద్దును చూసి తీసేయగలడు. రెండోది విండోస్ 2000 నుంచి ఉన్న డేటా ప్రొటెక్షన్ ఏపీఐ, అందరూ డీపీఏపీఐ అంటారు. డాట్‌నెట్‌లో ప్రొటెక్టెడ్‌డేటా క్లాసు ద్వారా అందుతుంది. మీరు బైట్లు ఇస్తే ఎన్‌క్రిప్ట్ చేసి బైట్లే తిరిగిస్తుంది, వాటిని ఎక్కడ దాచుకోవాలన్నది మీ ఇష్టం. కీ గొడవ మీకు ఉండదు, ఆ యూజర్ లాగిన్ రహస్యం నుంచే అది పుడుతుంది.

చిన్న పాస్‌వర్డ్‌లకు మొదటిది వాడండి. పెద్దవాటికి రెండోది. ఈ చిన్న, పెద్ద తేడా ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఒక ప్రోగ్రామ్‌లో విచిత్రమైన ఫిర్యాదు వచ్చేది: కొందరికి "గుర్తుపెట్టుకో" పనిచేస్తుంది, కొందరికి ప్రతిసారీ మళ్లీ లాగిన్ అడుగుతుంది. అదే వెర్షన్, అదే విండోస్. అలా ఇబ్బందిపడేవాళ్లందరూ పెద్ద సంస్థల ఉద్యోగులే అని తేలడానికి కొంతకాలం పట్టింది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఒక పద్దులో దాచగలిగేది 2,560 బైట్లు మాత్రమే. డాట్‌నెట్ అక్షరాలను అలాగే యూటీఎఫ్-16లో (సాధారణంగా అక్షరానికి రెండు బైట్లు) రాస్తే అది 1,280 అక్షరాలు. పెద్ద సంస్థల్లో యూజర్‌కు ఉన్న గ్రూపులు, అనుమతులు అన్నీ టోకెన్‌లోకి చేరి దాని పొడవు ఆ హద్దు దాటింది. రాసే ఫంక్షన్ విఫలమైందని చెబుతూనే ఉంది, కోడ్ దాన్ని పట్టించుకోలేదు. పరిష్కారం సులువు: ఒక చిన్న కీని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉంచి, టోకెన్‌ను ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి, సెట్టింగుల ఫైల్లో కాకుండా వేరే ఫైల్లో రాయడం, లేదా నేరుగా డీపీఏపీఐ వాడటం.

రెండో గొయ్యి పాస్‌వర్డ్ మార్పు. యూజర్ తన విండోస్ పాస్‌వర్డ్‌ను తానే మామూలుగా మార్చుకుంటే ఏమీ కాదు, డీపీఏపీఐ సర్దుకుంటుంది. కానీ స్థానిక ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ బలవంతంగా కొత్త పాస్‌వర్డ్ పెడితే పాత రహస్యాలు ఇక తెరుచుకోవు. అది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లేకపోతే అడ్మినిస్ట్రేటర్ ఎవరి రహస్యాలైనా అలా తెరిచేసుకునేవాడు. డొమైన్‌లో ఉన్న, అంటే సంస్థ ఖాతాలన్నిటినీ ఒకేచోట నిర్వహించే కంప్యూటర్లకు కోలుకునే ఏర్పాటు ఉంటుంది. అందుచేత డీక్రిప్ట్ కాకపోవడం అనేది మీ ప్రోగ్రామ్‌కు మామూలు సంఘటన కావాలి. పద్దు తీసేసి, "మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి" అని మర్యాదగా అడగాలి. ఎర్రర్ బాక్స్ చూపించి మూసుకుపోయే ప్రోగ్రామ్‌లు చూశాను. యూజర్ దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు అక్కడే ఉంటుంది కనుక మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది.

డీపీఏపీఐలో లోకల్ మెషీన్ అనే ఒక ఎంపిక కనబడుతుంది. దాన్ని ముట్టుకోకండి. దానితో ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ కంప్యూటర్‌లోని ఏ యూజర్ అయినా విప్పుకోగలడు. పైన చెప్పిన మొదటివాడికి మీరే తలుపు తెరిచినట్టు అవుతుంది.

మీ ప్రోగ్రామ్ రోజూ నడుస్తుందన్నారు కాబట్టి ఇంకొక మాట. ఖజానా ఖాతాకు చెందుతుంది, ప్రోగ్రామ్‌కు కాదు. యూజర్ ప్రోగ్రామ్ తెరిచి తన ఖాతాలో పాస్‌వర్డ్ దాచాడు, వేళకు ప్రోగ్రామ్‌లను నడిపే టాస్క్ షెడ్యూలర్ మాత్రం ప్రోగ్రామ్‌ను సిస్టమ్ ఖాతా కింద నడుపుతోంది అనుకోండి. అక్కడ ఖజానా ఖాళీగా ఉంటుంది. "నేను నడిపితే పనిచేస్తుంది, రాత్రి తానే నడిస్తే పనిచేయదు" అనే ఫిర్యాదు వింటే ముందు చూడవలసింది ఇదే. ఏ ఖాతా కింద నడుస్తుందో ఆ ఖాతా కిందే దాచండి. సెట్టింగుల తెరలో ఆ ఖాతా పేరు కూడా చూపిస్తే సగం ఫిర్యాదులు మీ దాకా రావు.

మ్యాక్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కీచెయిన్ వాడండి, అది బాగానే ఉంటుంది. ఒక్క చికాకు: మీరు సరైన సంతకం లేకుండా బిల్డ్ చేస్తూ పరీక్షిస్తుంటే ప్రతి కొత్త బిల్డ్‌నూ అది కొత్త ప్రోగ్రామ్‌గా చూసి అనుమతి అడుగుతూనే ఉంటుంది. మొదటి రోజు నుంచే ఒకే సర్టిఫికెట్‌తో సంతకం చేయండి. సెట్టింగులకు మ్యాక్ ఇచ్చే యూజర్‌డిఫాల్ట్స్ అనే చోటు, లేదా లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్. ప్రోగ్రామ్ ప్యాకేజీ లోపల మాత్రం ఏదీ రాయకండి, దాని సంతకం చెడుతుంది.

లినక్స్‌లో కష్టం వేరు: ఖజానా ఉంటుందన్న హామీ లేదు. గ్నోమ్‌లో ఒకటి, కేడీఈలో ఒకటి, తేలికపాటి డెస్క్‌టాప్‌లలో ఏదీ ఉండకపోవచ్చు. లాగిన్ అడగకుండా నేరుగా తెరుచుకునేలా పెట్టుకున్న కంప్యూటర్‌లో కీరింగ్ తాళం తీయడానికి పాస్‌వర్డ్ అందదు కాబట్టి మధ్యలో ఒక పెట్టె లేచి అడుగుతుంది. యూజర్ దాన్ని రద్దు చేస్తాడు. అప్పుడు మీరేం చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. క్రోమ్‌కు మూలమైన క్రోమియమ్ ఇలాంటి చోట ఏం చేసేదో చూస్తే నవ్వొస్తుంది. ఖజానా దొరకనప్పుడు సోర్స్ కోడ్‌లోనే ఉన్న "పీనట్స్" అనే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసేది. అది రక్షణ కాదని రాసినవాళ్లకూ తెలుసు.

నా సలహా: ఖజానా లేకపోతే డిఫాల్ట్‌గా దాచకండి, ఆ సెషన్ వరకు మెమరీలో ఉంచుకోండి. దాచి తీరాలని యూజర్ పట్టుబడితే మాస్టర్ పాస్‌వర్డ్ అడగండి. దాని నుంచి కీని పుట్టించడానికి 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచిన ఆర్గాన్2 వాడండి, అందులో ఆర్గాన్2ఐడీ అనే రకం. అది దొరకని చోట పీబీకేడీఎఫ్2 అనే పాత పద్ధతి వాడితే, ఎస్‌హెచ్ఏ-256తో కనీసం 6,00,000 ఆవృత్తులు అన్నది సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ సూచన. మాస్టర్ పాస్‌వర్డ్ మరచిపోతే దాచినవన్నీ పోయినట్టేనని పెట్టుకునే ముందే తెరమీద రాయండి.

ఇక సెట్టింగులు. ప్రోగ్రామ్ పక్కనే ఐఎన్ఐ ఫైలు పెట్టడం విండోస్ విస్టా రోజుల నుంచే చెల్లని పద్ధతి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాసే హక్కు మామూలు యూజర్‌కు లేదు. కొన్ని పాత 32 బిట్ ప్రోగ్రామ్‌ల విషయంలో విండోస్ జాలిపడి, రాసినదాన్ని గుట్టుగా ఆ యూజర్ యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. ఈ జాలి వల్ల కలిగే అయోమయం అంతా ఇంతా కాదు. ఒకే కంప్యూటర్‌ను పంచుకునే ఇద్దరికి రెండు రకాల సెట్టింగులు కనిపిస్తాయి. అసలు ఫోల్డర్‌లోని ఫైలును అడ్మినిస్ట్రేటర్ సరిదిద్దినా వాళ్లకు మార్పు కనబడదు, ఎందుకంటే వాళ్లు చదువుతున్నది తమ తమ నకళ్లను. అదే ప్రోగ్రామ్‌ను 64 బిట్‌కు మార్చితే మళ్లింపు ఆగిపోయి, రాయడానికి అనుమతి లేదన్న ఎర్రర్ మొదలవుతుంది.

విండోస్‌లో యాప్‌డేటా కింద రోమింగ్, లోకల్ అని రెండు ఫోల్డర్లున్నాయి. యూజర్ ఏ కంప్యూటర్‌కు వెళ్లినా వెంట రావలసినవి రోమింగ్‌లో: సర్వర్ చిరునామా, భాష, ఇష్టాలు. ఆ యంత్రానికే సంబంధించినవి లోకల్‌లో: కిటికీ కొలతలు, తాత్కాలిక ఫైళ్లు, క్యాష్. రోమింగ్ ప్రొఫైల్ ఉన్న సంస్థల్లో క్యాష్‌ను రోమింగ్‌లో పడేస్తే అదంతా నెట్‌వర్క్ మీద అటూ ఇటూ తిరిగి యూజర్ లాగిన్ అవడమే నత్తనడక అవుతుంది. లినక్స్‌లో ఎక్స్‌డీజీ ప్రమాణం ఈ విభజనను ఇంకా చక్కగా చేసింది: సెట్టింగులకు కాన్ఫిగ్, డేటాకు షేర్, పారేసినా పర్వాలేనివాటికి క్యాష్, కిటికీ కొలతల్లాంటివాటికి స్టేట్. ఏ దారినీ కోడ్‌లో అక్షరాలా రాయకండి. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగండి, ఎందుకంటే దాన్ని వేరే డ్రైవ్‌కు మార్చుకున్నవాళ్లు ఉంటారు.

రిజిస్ట్రీ తప్పేమీ కాదు, కానీ మీకు మ్యాక్, లినక్స్ ఆలోచన ఉంది కనుక ఫైలే మేలు. పైగా రిజిస్ట్రీలో దాచినంత మాత్రాన రక్షణ పెరగదు. అదీ యూజర్ ప్రొఫైల్‌లో ఉండే ఒక ఫైలే, దాన్ని చదవడానికి విండోస్‌తో వచ్చే ఎడిటర్ చాలు.

ఫైలు రాసే తీరు గురించి ఒక్క మాట. ఉన్న ఫైలు మీదే నేరుగా రాయకండి. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే మిగిలేది సున్నా బైట్ల ఫైలు. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు రాసి, డిస్క్‌కు చేరిందని నిర్ధారించుకుని, ఆ తర్వాత పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టండి. డాట్‌నెట్‌లో ఫైల్ రీప్లేస్ అనే ఫంక్షన్ పాత ప్రతిని బ్యాకప్‌గా కూడా ఉంచుతుంది. ఫైల్లో వెర్షన్ సంఖ్య ఒకటి ఉండనివ్వండి, రెండేళ్ల తర్వాత మీకే పనికొస్తుంది.

మొదట చెప్పిన మెయిల్ పరీక్షకు వద్దాం. ఆ పరీక్షలో పాస్‌వర్డ్‌లు ఎక్కడెక్కడినుంచో తొంగిచూస్తాయి. సర్వర్ చిరునామాలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి రాసే అలవాటు చాలామందికి ఉంది. ఆ చిరునామా సెట్టింగుల ఫైల్లోకి, అక్కడినుంచి లాగ్ ఫైల్లోకి వెళుతుంది. కాబట్టి యూజర్ అలా ఇస్తే సేవ్ చేసేటప్పుడే విడదీసి పాస్‌వర్డ్ ముక్కను ఖజానాకు పంపండి. లాగ్‌లో పూర్తి కనెక్షన్ స్ట్రింగ్ (చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిసిన వరుస) ఎప్పుడూ రాయకండి. క్రాష్ రిపోర్టుతో మెమరీ మొత్తాన్ని పంపించే సాధనాలతో జాగ్రత్త. వేరే ప్రోగ్రామ్‌ను పిలిచేటప్పుడు పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్‌లో ఇవ్వకండి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూసేవాళ్లకు అది కనబడుతుంది. స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా ఇవ్వండి. సెట్టింగులు ఎగుమతి చేసే బటన్ పెడితే రహస్యాలు అందులోకి రావని ఆ బటన్ పక్కనే రాయండి, కొత్త కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వాల్సి వస్తే యూజర్ కంగారుపడడు.

యూఎస్‌బీలో పెట్టుకుని తిప్పే పోర్టబుల్ వెర్షన్ కావాలని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు సెట్టింగులు ప్రోగ్రామ్ పక్కనే ఉండాల్సిందే, అది న్యాయమే. పాస్‌వర్డ్ మాత్రం ఆ కంప్యూటర్ ఖజానాతో కుదరదు. అక్కడ మాస్టర్ పాస్‌వర్డ్, లేకపోతే ప్రతిసారీ అడగడం. మూడో దారి లేదు. పోర్టబుల్ వెర్షన్‌లో కోడ్‌లోని కీతో దాచే ప్రోగ్రామ్‌ల యూఎస్‌బీ పోతే ఏమవుతుందో వివరించనక్కర్లేదు.

చివరగా, ఇప్పటికే మీ ప్రోగ్రామ్ వాడుతున్నవాళ్ల సంగతి. కొత్త వెర్షన్ మొదటిసారి తెరుచుకున్నప్పుడు పాత ఐఎన్ఐ ఫైలును చదివి, పాస్‌వర్డ్‌ను పాత కీతో విప్పి ఖజానాలో పెట్టండి. పెట్టాక తిరిగి చదివి సరిపోయిందో లేదో చూడండి. సరిపోయాకే పాత ఫైల్లోని ఆ వరుసలు తీసేయండి. ఈ క్రమం తప్పితే రెండు చోట్లా లేకుండా పోతుంది. పాత ఫైలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే దాన్ని మార్చే హక్కు మీ ప్రోగ్రామ్‌కు ఉండదు కాబట్టి ఆ శుభ్రం చేసే పని ఇన్‌స్టాలర్‌కు అప్పగించండి, వర్చువల్‌స్టోర్‌లోని నకళ్లనూ చూడమనండి. అయితే ఇన్‌స్టాలర్ ముందే చెరిపేస్తే ఖజానాకు మార్చడానికి ఏమీ మిగలదు. అందుకని మొదటి వెర్షన్‌లో మార్చడం మాత్రమే చేసి, చెరపడాన్ని తర్వాతి వెర్షన్ ఇన్‌స్టాలర్‌కు ఉంచడం నాకు అలవాటు. పాత బ్యాకప్‌లలో ఆ పాస్‌వర్డ్‌లు ఎలాగూ ఉండిపోతాయి. కాబట్టి మార్పు పూర్తయ్యాక యూజర్‌కు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సర్వర్ పాస్‌వర్డ్ మార్చుకోమని సూచన చూపించండి. పాత కీ ఉన్న కోడ్‌ను ఒకటి రెండు వెర్షన్ల తర్వాత తొలగించండి. మార్చుకునే కోడ్ రాయడంలో ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే అడగండి, మీరు వాడే డాట్‌నెట్ వెర్షన్ ఏదో కూడా చెప్పండి. ప్రొటెక్టెడ్‌డేటా విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది కనుక మ్యాక్, లినక్స్ బిల్డ్‌లకు ఆ భాగాన్ని ఒక ఇంటర్‌ఫేస్ వెనుక ఇప్పుడే వేరుచేసి పెట్టుకుంటే తర్వాత తవ్వుకునే పని తగ్గుతుంది.